ఎత్తేది మోటారు, పట్టేది బ్రేకు



మేడ మీది ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు చాలా ఇళ్లలో ఒక హార్స్‌పవర్‌ది ఉంటుంది. ఇంచుమించు ఆ ఒక్క హార్స్‌పవర్‌తోనే వెయ్యి కిలోల ఇనుప దిమ్మను నేల మీంచి లేపి, నిమిషానికి నాలుగు మీటర్ల చొప్పున నిట్టనిలువుగా పైకి తీసుకుపోవచ్చు. నమ్మబుద్ధి కాదు గానీ లెక్క చాలా చిన్నది. టన్ను బరువును ఆ వేగంతో ఎత్తడానికి కావలసింది 650 వాట్లు. గేర్ల రాపిడిలో పోయేది కలుపుకున్నా ఎనిమిది వందల లోపే. హార్స్‌పవర్ అంటే 746 వాట్లు.

అంటే బరువెత్తడం పెద్ద విద్యేమీ కాదన్నమాట. తొందర లేకపోతే చిన్న మోటారు చాలు. ఫ్యాక్టరీల్లో వాడే ఎలక్ట్రిక్ చైన్ హాయిస్ట్ మూత విప్పి చూస్తే మోటారు కన్నా మిగతా సరంజామాయే ఎక్కువ కనిపిస్తుంది. బ్రేకు, క్లచ్చి, లిమిట్ స్విచ్చులు, గొలుసును దారి తప్పకుండా నడిపే గైడు. వీటిలో ఏ ఒక్కటీ ఎత్తడానికి పనికొచ్చేది కాదు. ఎత్తినదాన్ని పట్టి ఉంచడానికి, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపడానికి పెట్టినవి. ఈ యంత్రాన్ని ఆ వైపు నుంచి చూస్తేనే అర్థమవుతుందని నా అభిప్రాయం.

చూడనివాళ్లకు ముందు దీని రూపం చెప్పాలి, రేడియోలో బొమ్మ చూపించలేను కదా. షెడ్డులో పైన అడ్డంగా ఒక ఐ-బీము. దాని అంచుల మీద చక్రాలతో దొర్లే ట్రాలీ. ట్రాలీకి వేలాడుతూ పసుపో నారింజో రంగు పూసిన పెట్టె. పెట్టెలోంచి కిందికి గొలుసు, దాని చివర హుక్కు. రెండో పక్కన మిగులు గొలుసు పడే సంచి. పైనుంచి కేబులుకు వేలాడే పుష్ బటన్ పెట్టె. పైకి ఒక బటను, కిందికి ఒకటి, అంతా ఆపెయ్యడానికి ఎర్రది మరొకటి. మామూలుగా 125 కిలోల నుంచి ఐదు టన్నుల దాకా ఎత్తేవి వాడుకలో ఎక్కువ. హైదరాబాద్ బాలానగర్, జీడిమెట్ల వైపు చిన్న కార్ఖానాల్లో ప్లాస్టిక్ మౌల్డు మార్చాలన్నా, లేతు మీదికి బరువైన జాబు ఎక్కించాలన్నా పనికొచ్చేది ఇదే. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట లారీ ఇంజను దించడానికి మాత్రం మూడు కాళ్ల స్టాండు, చేత్తో లాగే చైన్ బ్లాకు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి.

ఆ చేతి బ్లాకు దగ్గరే మొదలుపెడతాను. ముప్పై కిలోల బలంతో మనిషి గొలుసు లాగి వెయ్యి కిలోలు లేపాలంటే, రాపిడి అసలు లేదనుకున్నా, బరువు మీటరు లేవడానికి చేతి గొలుసు 33 మీటర్లు లాగాలి. రాపిడి కూడా కలిస్తే నలభై దాటుతుంది. మూడు మీటర్లు లేపాలంటే నూట ఇరవై మీటర్ల గొలుసు చేతుల్లోంచి పోవాలి. వారానికోసారి ఎత్తే చోట అది చాలు. గంటకు పదిసార్లు ఎత్తే చోట మనిషి రెక్కలు పడిపోతాయి.

గొలుసు కప్పీల చరిత్రలో పెద్ద పేరు థామస్ ఆల్డ్రిడ్జ్ వెస్టన్‌ది. పంతొమ్మిదో శతాబ్దం మధ్యకాలపు ఇంగ్లండ్ మనిషి. ఆయన కప్పీని బర్మింగ్‌హామ్‌లో టాంగై సోదరుల కార్ఖానా తయారుచేసి అమ్మింది. గ్రేట్ ఈస్టర్న్ అనే మహా నౌక ఒడ్డు మీంచి కదలనని మొండికేస్తే, 1858లో దాన్ని నీళ్లలోకి తోసిన హైడ్రాలిక్ జాకీలు కూడా ఈ టాంగైల సరుకే. వెస్టన్ చేసిన పని ఇది. ఒకే ఇరుసు మీద రెండు గిలకలు బిగించాడు. పెద్దదానికి పన్నెండు గుంటలు, చిన్నదానికి పదకొండు అనుకోండి. ఒకే గొలుసు రెండింటి మీదుగానూ పోతుంది, మధ్యలో బరువు వేలాడే కింది గిలకను చుట్టి వస్తుంది. ఇరుసు ఒక చుట్టు తిరిగితే పెద్ద గిలక పన్నెండు గుంటల మేర గొలుసును లాక్కుంటుంది, చిన్నది పదకొండు గుంటల మేర వదులుతుంది. తేడా ఒక్క గుంట. ఆ ఒక్కటీ కింది గిలక రెండు పాయలకూ పంచుకోవడంతో బరువు లేచేది అర గుంట మేర. పన్నెండు లాగితే అర లేచింది, అంటే ఇరవై నాలుగు రెట్ల లాభం. అది కాగితం మీది మాట. నిజంలో సగానికి పైగా రాపిడి తినేస్తుంది.

అలా తినెయ్యడమే దాని గొప్ప. సగానికి మించి రాపిడికి పోయే కప్పీ వెనక్కి తిరగలేదు. గొలుసు లాగే కళాసీ చెయ్యి వదిలేసి చెమట తుడుచుకున్నా బరువు ఉన్నచోటే ఉంటుంది. రాపిడి తగ్గించడానికి ఇంజనీర్లు జీవితాలు ధారపోస్తారు. ఇక్కడ ఆ రాపిడే బరువుకు కాపలా కాసింది.

తర్వాత వచ్చిన బ్లాకుల్లో మంచి గేర్లు పెట్టారు. రాపిడి తగ్గింది, లాగడం తేలికైంది. దాంతోపాటు కాపలా కూడా పోయింది, చెయ్యి వదిలితే బరువు జర్రున జారుతుంది. అందుకని లోపల మరతో పనిచేసే బ్రేకు పెట్టవలసి వచ్చింది. దీన్ని ఇప్పటికీ వెస్టన్ బ్రేకు అనే అంటారు. కిందికి జారాలని చూసే బరువే ఆ మరను బిగిస్తుంది, మర బిల్లలను అదుముతుంది. బరువు ఎంత ఎక్కువైతే పట్టు అంత గట్టిది. చైన్ బ్లాకుతో ఎత్తుతున్నప్పుడు టకటకమని వినిపించేది ఆ బ్రేకులోని పళ్లచక్రం మీద నాలుక పడే చప్పుడు. ఎత్తుతుండగా అది వినిపించడం మానేస్తే అక్కడితో పని ఆపించాలి. నాలుక ఎక్కడో ఇరుక్కుంది, బ్రేకు పట్టదు.

ఇక కరెంటు హాయిస్ట్. ఇక్కడ బ్రేకు ఆలోచన తిరగబడింది. మోటారు ఇరుసు మీదే ఒక బిల్ల ఉంటుంది. స్ప్రింగులు దాన్ని ఎప్పుడూ నొక్కి పట్టే ఉంటాయి. అంటే ఆ యంత్రం సహజ స్థితి బ్రేకు పడి ఉండటమే. మీరు బటను నొక్కినప్పుడు మోటారుతోపాటు ఒక విద్యుదయస్కాంతానికీ కరెంటు పోతుంది. అది స్ప్రింగులను వెనక్కి లాగి బిల్లను వదిలిస్తుంది. బటను మీంచి వేలు తీయగానే అయస్కాంతం చచ్చిపోతుంది, స్ప్రింగులు మళ్లీ పట్టుకుంటాయి. బరువు కదలబోయే ముందు టక్కుమని చిన్న చప్పుడు వినిపించేది ఇందుకే.

కరెంటుతో పడే బ్రేకు పెడితే కరెంటు పోయిన క్షణంలో టన్ను ఇనుము నెత్తిన పడేది. కరెంటు పోతే పడే బ్రేకు కాబట్టి బరువు గాలిలో అలాగే నిలబడుతుంది. మన ఊళ్లలో ఇదేమీ పుస్తకాల్లో చదివే ప్రమాదం కాదు, ఏ మధ్యాహ్నమైనా జరిగేదే. అలా నిలిచిపోయినప్పుడు కింద తాడు కట్టి ఎవరినీ రానివ్వకుండా కాపలా పెట్టడం ఒక్కటే పని. కొన్ని హాయిస్టులకు చేత్తో బ్రేకు వదిలించి మెల్లగా దించే మీట ఉంటుంది. అది నేర్చినవాడి చేతిలోనే ఉండాలి.

ఈ బ్రేకులో నాకు నచ్చే సంగతి ఇంకొకటి ఉంది. లైనింగు అరిగేకొద్దీ బిల్లకూ అయస్కాంతానికీ మధ్య ఖాళీ పెరుగుతుంది. పెరిగి పెరిగి ఒకరోజు అయస్కాంతం దాన్ని లాగలేకపోతుంది. అప్పుడు బ్రేకు పట్టకపోవడం కాదు, వదలకపోవడం జరుగుతుంది. మోటారు మూలుగుతూ నిలబడిపోతుంది. అరిగిపోయింది, నన్ను చూడండి అని యంత్రమే చెబుతుందన్నమాట. లైనింగుకు నూనె అంటితే మాత్రం అది చెప్పదు, బరువును నెమ్మదిగా జార్చేస్తుంది. అందుకే పొద్దున పని మొదలుపెట్టే ముందు బరువును బెత్తెడు లేపి ఆపి చూడమంటారు. అక్కడే నిలిస్తే సరి, దిగుతూ ఉంటే హాయిస్టును పక్కన పెట్టాలి.

లోవోల్టేజీ మాట కూడా చెప్పాలి. మోటారు బలం వోల్టేజీ వర్గంతో పాటు తగ్గుతుంది. వోల్టేజీ ఐదో వంతు పడిపోతే బలం ఐదో వంతు కాదు, మూడో వంతుకు పైగా పోతుంది, 64 శాతమే మిగులుతుంది. బ్రేకు కూడా పూర్తిగా విడవదు, ఈడుస్తూ తిరిగి కాలుతుంది. చివరి స్తంభానికి కట్టుకున్న చిన్న షెడ్లలో మోటార్లు కాలిపోవడానికి సరుకు నాసిరకం కావడమే కారణమని అందరూ అంటారు. నేనైతే ముందు వోల్టేజీ కొలవమంటాను.

ఇప్పుడు అన్నిటికన్నా మోసకారి అయిన తప్పు. వ్యవసాయం ఉన్నవాళ్లకు ఇది తేలిగ్గా తెలుస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ మార్చినప్పుడో లైను తెగి అతికినప్పుడో మూడు ఫేజుల్లో రెండు తారుమారైతే మోటారు ఉల్టా తిరుగుతుంది. బోరు మోటారైతే నీళ్లు సరిగా రావు, రైతు రెండు వైర్లు మార్చి బిగించుకుంటాడు, అంతటితో సరి. షెడ్డులో హాయిస్ట్ దగ్గర ఇలా జరుగుతుంది.

"మేస్త్రీ, పైకి నొక్కితే కిందికొస్తోంది!"

"లైనులో ఫేజులు మారినట్టున్నాయిరా. ఆ బటన్ పెట్టె విప్పి రెండు వైర్లూ అటుదిటు పెట్టు."

హెల్పర్ పెట్టాడు. పైకి నొక్కితే పైకి, కిందికి నొక్కితే కిందికి. ఇద్దరికీ తృప్తి. కానీ జరిగిందేమిటో చూడండి. హుక్కు పెట్టెకు తగిలేంత పైకి పోతే ఆపడానికి పై లిమిట్ స్విచ్ ఉంటుంది. దాన్ని కట్టింది పైకి నడిపే కాంటాక్టర్ దారిలో, అంటే మోటారుకు కరెంటు కలిపే స్విచ్చు దారిలో. ఇప్పుడు ఫేజులు తిరగబడి ఉన్నాయి కాబట్టి హుక్కును పైకి నడుపుతున్నది కిందికి నడపవలసిన కాంటాక్టర్. పై లిమిట్ ఎంత తెరుచుకున్నా అది ఆపేది అసలు పనిలో లేని దారిని. హుక్కు నేరుగా పోయి పెట్టెను గుద్దుతుంది. చేయవలసింది మెయిన్ సప్లై దగ్గర రెండు ఫేజులు మార్చడం. బటన్ పెట్టెలో వైరు ముట్టుకోకూడదు. ఫేజులు మారితే అసలు నడవనివ్వని రిలేలు దొరుకుతాయి. హాయిస్ట్ ఖరీదుతో పోలిస్తే వాటి ధర లెక్కలోకి రాదు.

హుక్కు గుద్దినా వెంటనే గొలుసు తెగదు. లోపల జారే క్లచ్చి ఉంటుంది. బరువు హద్దు మీరితే అది జారి మోటారును ఊరికే తిరగనిస్తుంది. చేత్తో లాగే రోజుల్లో ఈ పని మనిషి భుజం చేసేది. టన్ను బ్లాకుకు టన్నున్నర కడితే గొలుసు కదలక లాగేవాడికి ముందు తెలిసిపోయేది. ఇంకొకణ్ణి పిలిచి ఇద్దరూ లాగుతున్నారంటే దూరం నుంచి చూసే ఫోర్‌మన్‌కు కూడా తెలిసిపోయేది. బటను నొక్కే వేలికి టన్నుకూ రెండు టన్నులకూ తేడా ఏముంది? ఆ తెలియడం కోసమే క్లచ్చి. అది జారుతోందని పానా తీసుకుని బిగించేవాళ్లను ఏమనాలో నాకు మాట దొరకదు.

ఇంకొకటి. ఆ క్లచ్చి కాపాడేది హాయిస్టును, పైన ఉన్న బీమును కాదు. రేకుల షెడ్డు కప్పుకు వేసిన ట్రస్సుకు టన్ను హాయిస్ట్ తగిలించి, హాయిస్ట్ టన్నుదే కదా అంటే కుదరదు. ఆ ట్రస్సును లెక్కగట్టింది రేకుల బరువుకూ గాలికీ. వేలాడేది కూడా టన్ను ఒక్కటే కాదు. హాయిస్ట్ బరువు, ట్రాలీ బరువు, లేపేటప్పుడు పడే కుదుపు అన్నీ ఆ బీము మీదే పడతాయి. హాయిస్ట్ కొనేటప్పుడు పది చోట్ల బేరమాడేవాళ్లు బీము లెక్క గట్టించడానికి ఒక్క ఇంజనీరును పిలవరు.

గొలుసు సంగతి తీరికగా చెప్పాలి. ఇనుప తాడు కాకుండా గొలుసే ఎందుకు? తాడు డ్రమ్ము మీద పక్కపక్కన చుట్టుకుంటూ పోతుంది కాబట్టి హుక్కు కొంచెం పక్కకు జరుగుతుంది. గొలుసు ఒకే చోటి నుంచి దిగుతుంది, బరువు ఉన్నచోటు నుంచి నిలువుగా లేస్తుంది. మౌల్డును మిషను నోట్లో పెట్టేవాడికి ఆ తేడా తెలుస్తుంది. డ్రమ్ము లేదు కాబట్టి పెట్టె చిన్నది, పైకప్పు తక్కువ ఎత్తున్నా సరిపోతుంది. గొలుసును లాగే లోడ్ వీల్‌కు నాలుగైదు గుంటలే ఉంటాయి గనక గొలుసు కొంచెం గునుస్తూ నడుస్తుంది, అది గొలుసు హాయిస్టుల స్వభావం. పెద్ద బరువులకు, వేగానికి తాడే మేలు. తాడుకు ఇంకో సుగుణం ఉంది, తెగే ముందు ఒక్కొక్క తీగే తెగి ముళ్లలా లేచి కనిపిస్తుంది. గొలుసుకు అటువంటి దయ లేదు. వంద లింకుల్లో ఒక్కటి పోతే అన్నీ పోయినట్టే.

అందుకే కొలవాలి. గొలుసు సాగడం కంటికి కనిపించదు. లింకు లింకుతో రాసుకునే వంపు దగ్గర లోపలివైపు అరుగుతుంది, ప్రతి లింకులోనూ పిసరంత. పదకొండు లింకుల పొడవు కొలిచి, కొత్తప్పటి కన్నా రెండు శాతం పెరిగితే గొలుసు మార్చమని చాలా కంపెనీల పుస్తకాల్లో ఉంటుంది. ఏడు మిల్లీమీటర్ల కడ్డీతో చేసిన, లింకుకు 21 మిల్లీమీటర్ల పిచ్ ఉన్న గొలుసును తీసుకోండి. పదకొండు లింకులు 231 మిల్లీమీటర్లు. అది 235 దాటి 236కు చేరువవుతోందంటే దాని ఆయుష్షు తీరింది. వంపు దగ్గర కడ్డీ మందం పదో వంతు తగ్గినా అంతే. మీ హాయిస్ట్ పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. సాగిన గొలుసు గుంటల్లో సరిగా కూర్చోదు, టపటపమని ఎక్కి దూకుతుంది. ఆ చప్పుడు విన్నాక కొలవడానికి ఏమీ మిగలదు, మార్చడమే. గొలుసుతోపాటు లోడ్ వీల్ కూడా చూడండి. అరిగిన చక్రం మీద కొత్త గొలుసు వేస్తే దాన్నీ త్వరగా తినేస్తుంది.

గొలుసుకు నూనె పెట్టేవాళ్లు తక్కువ. జిడ్డుకు దుమ్ము పడుతుందని వాదిస్తారు. సిమెంటు, పిండి ఎగిరే చోట ఆ మాట కొంత నిజమే, అక్కడ పొడిగా ఉండే లూబ్రికెంట్ వాడాలి. మిగతా చోట్ల మాత్రం ఎండిన గొలుసు నూనె పెట్టిన గొలుసు కన్నా చాలా ముందే అరిగిపోతుంది. తెగిన లింకును వెల్డింగు షాపులో అతికించి వాడటం ఇంకో ఘనకార్యం. అది మామూలు ఇనుము కాదు. వేడితో పదును పెట్టిన మిశ్రమ ఉక్కు. వెల్డింగు వేడికి ఆ పదునంతా పోతుంది. బోల్టు పెట్టి కలపడం కూడా అంతే తప్పు. లింకు పోతే మొత్తం గొలుసు మార్చాలి.

గొలుసు రెండు వరసలుగా దిగే రెండు పాయల హాయిస్టులో ఇంకో చిక్కుంది. కింది హుక్కు గిలకను ఎవరైనా పాయల మధ్యలోంచి తిప్పి వదిలితే గొలుసు మెలిక పడుతుంది. మెలికతో బరువెత్తితే లింకులు వంగుతాయి.

బరువును పక్కనుంచి ఈడ్చకూడదు. మూలన పడి ఉన్న దిమ్మను హుక్కు తగిలించి లాగితే గొలుసు గైడును కోస్తుంది, ట్రాలీ ఒరుగుతుంది, నేల వదిలిన క్షణంలో దిమ్మ ఊగి ఎవరికో తగులుతుంది. కట్టే స్లింగుల కోణం కూడా చూసుకోవాలి. రెండు కాళ్ల స్లింగు 120 డిగ్రీలు విచ్చుకుంటే ఒక్కొక్క కాలు మీద పడేది సగం బరువు కాదు, మొత్తం బరువు. బెల్టు పొట్టిదని వెడల్పుగా కట్టేవాళ్లు ఈ లెక్క ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు.

బటను టిక్కు టిక్కుమని నొక్కుతూ అంగుళం అంగుళం జరిపే అలవాటు మోటారుకు విషం. ప్రతి స్టార్టులోనూ మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. యూరప్ ప్రమాణాల్లో 2ఎం తరగతి హాయిస్టుకు గంటకు 240 స్టార్టులు, నడిచే సమయం నలభై శాతం అని హద్దు పెట్టారు. టిక్కు టిక్కుమంటే ఒక్క మౌల్డు కూర్చోబెట్టడానికే అందులో పెద్ద భాగం ఖర్చవుతుంది. మెల్లగా జరపాల్సిన పని ఎక్కువుంటే రెండు వేగాలున్నది కొనాలి.

కార్ఖానా గోడలు దాటి ఇది ఎక్కడెక్కడికో పోయింది. అనంతపురం జిల్లా కొండల మీది గాలిమరల్లాంటి చోట, స్తంభం కొసన ఉన్న గదిలోకి పనిముట్లు లాక్కునేది చైన్ హాయిస్టుతోనే. అక్కడ గొలుసు సంచే ప్రాణం. 5 మిల్లీమీటర్ల గొలుసు మీటరు అరకిలో పైనే తూగుతుంది. 80 మీటర్లంటే నలభై కిలోలు దాటుతుంది. సంచి చాలక కొంచెం గొలుసు బయటికి జారిందంటే దాని బరువే మిగతాదాన్ని ఈడ్చుకుపోతుంది. సినిమా వేడుకల వేదికల మీద లైట్ల ట్రస్సులను లేపే "చైన్ మోటార్లు" కూడా ఇవే. వాటిని తలకిందులుగా వాడతారు. హుక్కు పైన కప్పుకు పడుతుంది, మోటారు పెట్టె బరువుతో కలిసి గొలుసు పట్టుకుని పైకి పాకుతుంది. జర్మనీలో వేదికల పనికి మూడు తరగతులు పెట్టుకున్నారు. డి8 రకంతో ఎత్తినదాన్ని మనుషుల తలల మీద ఉంచాలంటే వేరే ఆధారం కట్టాలి. డి8 ప్లస్‌తో కదలకుండా వేలాడదీయవచ్చు. మనుషుల మీదుగా కదిలించాలంటే సి1 కావాలి. మన వేదికల నిర్వాహకులు కూడా అద్దెకు తెచ్చేటప్పుడు ఆ ప్రశ్న అడిగితే బాగుంటుంది.

మన దేశంలో ఈ హాయిస్టులకు ఐఎస్ 6547 అనే ప్రమాణం ఉంది. చేతి బ్లాకులకు ఐఎస్ 3832. ఎత్తే యంత్రాలను, గొలుసులను, స్లింగులను ఏడాదికి ఒకసారైనా అర్హుడైన వ్యక్తి క్షుణ్ణంగా పరీక్షించాలనీ, ఎంత బరువు ఎత్తవచ్చో వాటి మీద స్పష్టంగా రాసి ఉండాలనీ 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టమే 29వ సెక్షన్‌లో చెప్పింది. అదే చట్టం 28వ సెక్షన్‌లో హాయిస్ట్ అనే మాట కనిపిస్తుంది గానీ, అది పట్టాల మధ్య నడిచే లిఫ్టుల సంగతి. ఆ సెక్షన్ చూసి కంగారు పడిన మేనేజర్లున్నారు.

చివరగా పాత సామాను కొనేవాళ్లకు ఒక మాట. మూతపడిన ఫ్యాక్టరీల నుంచి హాయిస్టులు సెకండ్‌హ్యాండ్ బజారుకు వస్తూనే ఉంటాయి, కొన్ని నిజంగా మంచివి కూడా. కొత్త రంగు చూసి మురిసిపోకుండా ముందు పేరు పలక వెతకండి. ఎంత బరువు, ఏ తరగతి, గొలుసు ఏ కొలత, అన్నీ దాని మీదే ఉంటాయి. హుక్కు నోరు తెరుచుకుందేమో, లాచ్ ఉందో లేదో చూడండి. పదకొండు లింకులు కొలవండి. పూర్తి బరువు కట్టించి లేపించి, ఆపించి, జారుతుందేమో అక్కడే నిలబడి చూడండి. పలక ఊడిపోయిందంటే, గొలుసు మందం చూసి ఇది రెండు టన్నులదే సార్ అని అమ్మేవాడు చెప్పే మాట మీద కొనకండి. అదే గొలుసు ఒక పాయతో ఒక బరువు, రెండు పాయలతో దానికి రెట్టింపు ఎత్తుతుంది. లోపలి గేర్లు, బ్రేకు దేనికి చేసినవో బయటి గొలుసు చెప్పదు. పలక లేని హాయిస్టుకు తుక్కు ఇనుము ధర కట్టి, తుక్కుగానే తీసుకోండి.